హోటల్ దాకా వినబడ్డ జత

ఇంట్లో కుర్చీలో కూర్చుని వినాల్సిన స్పీకర్లను రోడ్డు మీద ఎండలో నిలబడి, చాయ్ హోటల్ బల్ల పక్కనుంచి ఎంపిక చేసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను. పెళ్లిచూపులకు వెళ్లి, పిల్లను ఊరి పొలిమేరలోంచి చూసి ఖాయం చేసుకుని వచ్చినట్టు. పిల్ల ఎలా ఉందని ఎవరైనా అడిగితే, చాలా దూరానికి కూడా కనబడుతుందని చెప్పినట్టు.

ఈ మధ్య మా వీధిలో పిల్లలు చెవుల్లో ఏవో గుచ్చుకుని తిరుగుతూ, అప్పుడప్పుడు నా దగ్గరకొచ్చి ఏ స్పీకర్ కొంటే మంచిది, మీకు తెలుసట కదా అని అడుగుతున్నారు. తెలుసు. ఎలా తెలిసిందో చెప్పాలంటే ఈ కథ చెప్పాలి. అందుకని రాస్తున్నాను.

నేను సర్కారు ప్రచార విభాగంలో వ్యాన్ ఆపరేటర్‌గా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. వ్యాన్ నెత్తిన రెండు బాకాలు, లోపల ఒక యాంప్లిఫయర్, ఒక మైకు, తెర కట్టుకోవడానికి రెండు వెదురు బొంగులు. పోలియో చుక్కల మందు, విత్తనాలు, ఓటరు కార్డులు, ఏది చెప్పాలని సర్కారుకు అనిపిస్తే అది ఊరూరా తిరిగి చెప్పి రావడం మా ఉద్యోగం. చెప్పడమే మా పని. వినడం మా పని కాదు. ఆ తేడా అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

చివరి పోస్టింగు నారాయణఖేడ్. అక్కడ పదకొండేళ్లు ఉన్నాను. ఇంటిదాన్ని సిద్దిపేటలోనే ఉంచి, ఖేడ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, నెలకు రెండుసార్లు వెళ్లి వస్తుండేవాణ్ణి. మిగతా రోజులన్నీ వ్యాన్, దాని డ్రైవరు, నేను. డ్రైవరుది సిర్గాపూర్. నాకంటే ఐదారేళ్లు చిన్న. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఆదివారం వస్తే వాళ్ల ఊరి చర్చిలో డోలక్ వాయించేవాడు, మిగతా ఆరు రోజులూ స్టీరింగు మీద వాయించేవాడు.

ఖేడ్ వచ్చిన కొత్తలో అక్కడి జనం గురించి నేనొక సిద్ధాంతం కూడా తయారు చేసుకున్నాను. ఇక్కడివాళ్లకు గొంతు పెద్దది, పక్కపక్కన కూర్చుని కూడా అరుచుకుంటారు అని. నాగల్‌గిద్ద వైపు వెళ్తే కన్నడం కలుస్తుంది కాబట్టి, ఒకరి భాష ఒకరికి అందడానికి గొంతు పెంచడం అలవాటైపోయిందని దానికొక కారణం కూడా కనిపెట్టాను. సెలవులకు సిద్దిపేట వెళ్లినప్పుడు ఈ సిద్ధాంతాన్ని బంధువులకు వివరించేవాణ్ణి. వాళ్లు వినేవాళ్లు. వాళ్లు ఏమనేవాళ్లో నాకు సరిగ్గా వినబడేది కాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. నా మొదటి పోస్టింగులో ఒక ముసలి ఆపరేటర్ నేర్పించాడు. యాంప్లిఫయర్ మీద బటన్లు సరిచేసి, మైకులో ఎవరినైనా మాట్లాడమని చెప్పి, మనం నడుచుకుంటూ జనం చివరిదాకా పోవాలి. ఆఖరున గోడకు ఆనుకుని ఏ ముసలమ్మ నిలబడిందో ఆమె పక్కన నిలబడి వినాలి. అక్కడ మాట విడివిడిగా వినబడితే సౌండు కుదిరినట్టు. "ముందు కుర్చీల కూసున్నోనికి సౌండ్ అక్కరలేదు, ఇజ్జత్ చాలు. ఎన్కకున్నదానికి ఇనబడాలె," అనేవాడు ఆయన. ముప్పై ఏళ్లు ఆ మాట తప్పలేదు. బోరంచ జాతరలోనైనా, ఏ గూడెంలోనైనా బటన్లు తిప్పి, నడిచి వెళ్లి, విని, తిరిగొచ్చి, ఇప్పుడు కుదిరిందని చెప్పేవాణ్ణి. సౌండు విషయంలో డివిజన్ మొత్తంలో నాకొక పేరుండేది. పేరు లేకుండా రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు అదీ లేదు.

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు మా ఆఫీసుకు కొత్త సారు వచ్చాడు. హైదరాబాదు మనిషి. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఆఫీసర్లు నాలాంటివాణ్ణి నువ్వు అంటారు, ఈయన మీరు అనేవాడు. భార్య వేరే జిల్లాలో లెక్చరరు అని తెలుసు. ఆమె ఎప్పుడూ రాలేదు, ఆయనా తరచుగా వెళ్లినట్టు లేదు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆఫీసుల వెనక క్వార్టర్లో ఒక్కడే ఉండేవాడు. సాయంత్రం ఐదున్నరకు తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున పదికే బయటికి. లోపల ఏం చేస్తాడంటే పాటలు వింటాడని అటెండరు చెప్పాడు. వేణువు, వీణ, పాత గాయకుల ఆలాపనలు. ఒక చిన్న యాంప్లిఫయర్, దానికి పాతబడి చిరిగిపోయిన రెండు స్పీకర్లు ఉండేవి. మొదటి వానాకాలంలోనే ఖేడ్ తేమకు ఆ రెండూ ప్రాణం విడిచాయి.

ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. హైదరాబాదులో తెలిసిన దుకాణం నుంచి రెండు జతల స్పీకర్లు తెప్పించుకున్నాడట. ఖరీదైనవి. ఎంతో చెప్పలేదు, నేను అడగలేదు. రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని విని, నచ్చిన జత ఉంచుకుని, రెండోది వచ్చే వారం శనివారంకల్లా వెనక్కు పంపాలి. ఆ తర్వాత మార్చడం కుదరదని దుకాణం వాళ్లు గట్టిగా చెప్పారట. "నాలుగు రోజులుగా వింటున్నాను. నాకు తేలడం లేదు. సౌండు మీకు తెలిసినంత నాకు తెలియదు. ఆదివారం మధ్యాహ్నం ఒకసారి వస్తారా?" అన్నాడు. తర్వాత టేబుల్ మీద కాగితాలు సర్దుకుంటూ, స్పీకర్లు కుదిరితే ప్రతి ఆదివారం సాయంత్రం రండి, కలిసి విందాం అని కూడా అన్నాడు.

అలా అడిగిన ఆఫీసరు నా సర్వీసులో మరొకడు లేడు. ఖేడ్‌లో నా ఆదివారాలు ఎలా గడిచేవో మీకు చెప్పలేదు. బట్టలు ఉతుక్కోవడం, వండుకోవడం, గది కిటికీలోంచి బస్సులు లెక్కపెట్టడం. డ్రైవరు ఆ రోజు చర్చికి, ఇంటికి. నాకు ఆ ఆహ్వానం దొరికిన సంతోషం, స్పీకర్ల మీద నా తీర్పు అడిగిన సంతోషం కంటే ఎక్కువ.

ఆదివారం డ్రైవరును కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. చర్చి అయ్యాక తెల్ల చొక్కాతోనే వచ్చాడు. బరువు అటూ ఇటూ మార్చాల్సి వస్తే మనిషి కావాలి కదా. వాటిని బుక్ షెల్ఫ్ స్పీకర్లంటారట, అంటే పుస్తకాల అరలో పట్టేంత చిన్నవి. కానీ అరలో పెడితే సౌండు పాడవుతుందని సారు వాటిని ఎత్తు స్టూళ్ల మీద పెట్టాడు. పుస్తకాలేమో నేల మీద ఉన్నాయి. ఒక జత నల్లరంగుది, పైన మెరిసే లోహపు గుండీ. రెండోది టేకు రంగు చెక్కది, పైన బట్టతో చేసినట్టున్న మెత్తటి గుండీ. ఆ చిన్న గుండీలోంచే సన్నటి శబ్దాలు వస్తాయని సారు చెప్పాడు. నాకు తెలుసన్నట్టు తల ఊపాను.

ఒకే వేణువు ముక్కను రెండింటిలోనూ వేసి వినిపించాడు. చెక్కవాటిలో వేణువు మీద వాయించేవాడి ఊపిరి తగలడం వినిపిస్తోంది, మీకు వినిపిస్తోందా అని అడిగాడు. నల్లవాటిలో ఊపిరి కంటే ఈల ఎక్కువైనట్టు తనకు అనిపిస్తోందని, అయినా తన మీద తనకు నమ్మకం లేదని అన్నాడు.

నాకు ఊపిరి వినబడలేదు. ఈల వినబడలేదు. నిజం చెప్పాలంటే నాకు రెండు జతలూ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి, అందులో చెక్కది కంబలి కప్పుకున్న బిడ్డలా ఉంది. మళ్లీ వేయమన్నాను. మళ్లీ అంతే. గంటన్నర కూర్చున్నాను. సారు నా మొహంలోకి చూస్తున్నాడు. డ్రైవరు గడప మీద కూర్చుని నేల వంక చూస్తున్నాడు.

"వినిపిస్తోంది సార్," అన్నాను.

అది మొదటి అబద్ధం. నిజంగా తేడా తెలియడం లేదని ఆ క్షణంలో అనేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ముప్పై ఏళ్లు సౌండు సాబ్ అనిపించుకున్న మనిషి ఒక ఆఫీసరు ముందు, గడప మీద డ్రైవరు కూర్చుని ఉండగా, నాకేం తెలియడం లేదు అని ఎలా అంటాడు? అందుకని లేచి నిలబడ్డాను. ఇంట్లో కూర్చుంటే సౌండు సంగతి తేలదు సార్, దానికొక పద్ధతి ఉంది, కాస్త పెద్దది చేసి వేస్తూ ఉండండి అని చెప్పి, బయటికి నడిచాను.

గేటు దగ్గర ఆగి విన్నాను. రోడ్డు దాకా వెళ్లి విన్నాను. రోడ్డు దాటి చాయ్ హోటల్ దాకా వెళ్లి, బల్ల మీద కూర్చున్న ముసలాయన పక్కన నిలబడి విన్నాను. ఎవరింట్లో పెండ్లని ఆయన అడిగాడు. నేను చెయ్యి ఊపి సైగ చేస్తే సారు కిటికీలోంచి చూసి జత మార్చేవాడు. హోటల్ దగ్గర చెక్కజత ఆనవాలు కూడా లేదు. నల్లజత మాత్రం సన్నగా, స్పష్టంగా, రోడ్డు మీద లారీలను దాటుకుని వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తేడా దొరికింది. పరుగులాంటి నడకతో వెనక్కు వచ్చి, చెమట తుడుచుకుంటూ, నల్లవే సార్, అనుమానం లేదు అని తీర్పు చెప్పాను.

సారు ఒక్క క్షణం డ్రైవరు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి నవ్వి, మీరంటే సరే అన్నాడు. చాయ్ తెప్పించాడు.

శనివారం చెక్కజతను డబ్బాల్లో పెట్టి, వ్యాన్ వెనక తాళ్లతో కట్టుకుని బయల్దేరాం. వ్యాన్‌ను సర్వీసింగ్ కోసం సంగారెడ్డి తీసుకెళ్లాలి, అక్కడే పార్సిల్ ఆఫీసులో డబ్బాలు ఇచ్చేస్తే హైదరాబాదు చేరతాయి. దారి పొడుగునా నేను నా తీర్పును మెచ్చుకుంటూనే ఉన్నాను. దూరం పోయేదే సౌండు, దగ్గర్లో ఆగిపోయేది గొణుగుడు అని ఒక సూక్తి కూడా చెప్పాను. డ్రైవరు స్టీరింగు మీద వాయించడం ఆపేశాడు. జోగిపేట ఇంకా రాలేదు, రోడ్డుకు రెండు వైపులా కంది చేలు. అక్కడ బండిని పక్కకు తీసి ఆపాడు.

"అన్నా, ఒకటి చెప్త. కోపం చెయ్యొద్దు."

"చెప్పు."

"ఎన్కకు పోతున్నయే మంచిగుండె. మనం ఆడ ఉంచొచ్చినయి చెవుల్ల సూదులు గుచ్చినట్టున్నయి. సారు మెత్తటి మనిషి గాబట్టి ఊకున్నడు."

నేను నవ్వి, డోలక్ వాయించేటోనికి స్పీకర్ల సంగతి ఏం ఎర్క అన్నాను.

"నాకు స్పీకర్ల సంగతి ఎర్కలేదు," అన్నాడు. "నీ చెవుల సంగతి ఎర్క."

ఇంజను ఆగి ఉంది కాబట్టి ఆ మాట నాకు బాగానే వినబడింది. ఏమంటున్నావని అడిగాను. అతను అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. నా చెవులు సగం పోయి చాలా ఏళ్లయిందట. సన్నటి శబ్దాలు నాకు అస్సలు అందవట. వెనక నుంచి పిలిస్తే పలకనట. ముప్పై ఏళ్లు ఆ బాకాల కింద నిలబడితే మరి ఎట్లా ఉంటాయని అడిగాడు. మరి నా సౌండు సంగతేమిటి, డివిజన్ మొత్తం మెచ్చుకునేది ఏమిటి అని నేను గట్టిగానే అడిగాను.

"నువ్వు బటన్లు తిప్పి, ఆఖరి దాంక నడుసుకుంట పోతవు సూడు. గప్పుడు నేను తిప్పుతుంటి. నువ్వు పెట్టిన సన్నదనం సగానికి తగ్గిస్తుంటి. నువ్వు మర్లి వచ్చి, ఇప్పుడు కుదిరింది అంటుంటివి."

"ఎన్నేండ్ల సంది?"

"నువ్వు ఈ బండి మీదికి వచ్చిన సంది."

నేను వెనకనున్న డబ్బాల వైపు తిరిగి చూశాను. అతనే, మిగిలింది కూడా చెప్పేస్తే ఒకేసారి అయిపోతుందని అనుకున్నట్టు, ఊళ్ల సంగతి చెప్పాడు. మా అన్నకు జర తక్కువ ఇనిపిస్తది, గట్టిగ మాట్లాడున్రి అని అన్ని ఊళ్లలో ముందే చెప్పి పెట్టేవాడట. సిర్గాపూర్‌లో చెప్పాడట, బోరంచలో చెప్పాడట, నాగల్‌గిద్ద అవతల కన్నడంలో కూడా చెప్పాడట. ఖేడ్ జనం గొంతుల గురించి నా సిద్ధాంతం ఆ కంది చేల మధ్యే కన్నుమూసింది.

నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తె నువ్వు పని ఇడిచిపెట్టి పోతుంటివి," అన్నాడు. "నీ జాగల ఎవడొస్తడో."

చెక్కజత మా వెనకే ఉంది. ఖేడ్ నుంచి మేం ఎంత దూరం వచ్చామో అంత దూరం వెనక్కు పోతే చాలు. సారు ఇంట్లోనే ఉంటాడు. నల్లవి తీసుకుని చెక్కవి ఇచ్చేసి, మళ్లీ ఇటు తిరిగినా పార్సిల్ ఆఫీసు మూసే లోపు అందుతుంది. డ్రైవరు తాళం చెవి మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"మర్లమంటవా?"

ఉద్యోగ జీవితంలో తప్పులు రెండు రకాలు. తెలియక చేసేవి ఒకటి. వాటిని చాయ్ తాగుతూ చెప్పుకుని నవ్వుకోవచ్చు. నేను హోటల్ దగ్గర నిలబడి చేసింది ఆ రకం. రెండో రకం, తెలిశాక చేసేవి. సారు ముందు నిలబడి, నా చెవులు పోయాయి, నా తీర్పు తప్పు అని చెప్పడం తలుచుకున్నాను. ఆ మాట ఆఫీసులో పాకడం తలుచుకున్నాను. మెడికల్ బోర్డు అంటారేమో, బండి మీంచి దింపి ఏ ఫైళ్ల గదిలోనో కూర్చోబెడతారేమో.

"ముందుకే పోనీ," అన్నాను.

అతను తాళం తిప్పి బండి కదిలించాడు. సంగారెడ్డిలో పార్సిల్ ఆఫీసు గుమస్తా ఏదో అడిగితే, డ్రైవరు నా వైపు తిరిగి దాన్ని గట్టిగా చెప్పాడు. రసీదు తీసుకున్నాను. నా చేతులతోనే ఆ మంచి జతను వెనక్కు పంపించి వచ్చాను.

ఆ ఆదివారం సారు ఇంటికి పిలిచాడు. జ్వరమని కబురు పంపాను. తర్వాతి ఆదివారం సిద్దిపేట వెళ్లాను. ఆ తర్వాత ఏదో సాకు. వెళ్లి ఆ గదిలో కూర్చుని, చెవుల్లో సూదులు దిగుతున్న మనిషి పక్కన, బాగుంది సార్ అని తల ఊపే శక్తి నాకు లేకపోయింది. నాలుగైదు వారాలకు ఆయన పిలవడం మానేశాడు. నా ఆదివారాలు మళ్లీ బస్సుల లెక్కలోకి వెళ్లాయి. ఒక తేడా ఉంది. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుంటే, ఆ బస్సుల్లో నాకు వినబడనివి ఏమేమి ఉన్నాయో అని వెతుక్కునేవాణ్ణి. కుక్కర్ కూత వేసిందో లేదో చేత్తో మూత ముట్టుకుని చూసేవాణ్ణి. సిద్దిపేట వెళ్లినప్పుడు ఇంటిదాని పెదవుల వైపు చూడడం మొదలుపెట్టాను. కొన్నేళ్లుగా ఆమె మాటలు తగ్గించిందని, వయసుతో మనిషి మెత్తబడిందని అనుకుంటూ వచ్చాను. ఆమె తగ్గించలేదు. వంటింట్లోంచి మాట్లాడుతూనే ఉంది. నేనే వినలేదు. ఇప్పుడు ఆమె లేదు, పోయి రెండేళ్లయింది. అప్పుడు ఏమేం చెప్పిందో అడగడానికి మనిషి లేదు.

ఏడాది గడిచాక, ఒక సెలవురోజు అర్జంటు సంతకం కోసం నేనే సారు క్వార్టరుకు వెళ్లాల్సి వచ్చింది. తలుపు తీసే ఉంది. ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. స్టూళ్ల మీద నల్లజత కనబడలేదు. వాటి మీద రెండేసి మందపాటి తువాళ్లు మడతపెట్టి కప్పి ఉన్నాయి. నన్ను చూసి చప్పున లేచి, దుమ్ము, ఖేడ్‌లో దుమ్ము ఎక్కువ కదా అన్నాడు. పాట వస్తూనే ఉంది. దుమ్ము కోసం కప్పినవాడు పాట వినేటప్పుడు తీస్తాడు కదా.

కాగితం బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పేశాను. చెవుల సంగతి, హోటల్ సంగతి, కంది చేల దగ్గర బండి ఆగిన సంగతి, అప్పటికి టైము ఉండీ వెనక్కు రాని సంగతి. ఆయన అడ్డం రాలేదు. అంతా అయ్యాక కూర్చోమన్నాడు.

"మీ చెవుల సంగతి ఆ రోజే తెలిసింది. మీరు రోడ్డు మీద చెయ్యి ఊపుతుంటే మీ డ్రైవరు ఇక్కడ చెవులు మూసుకుని కూర్చున్నాడు," అన్నాడు. తర్వాత తువాళ్ల వైపు చూస్తూ, "స్పీకర్లు తప్పయితే తువాలు కప్పాను, సర్దుకుంది. మీరు రావడం మానేశారు. దానికేం కప్పాలో తెలియలేదు," అన్నాడు.

మరి తెలిసి కూడా నా మాటే ఎందుకు విన్నారని అడగలేకపోయాను. అడగకుండానే చెప్పాడు. ఎండలో అంత దూరం వెళ్లి నిలబడి వచ్చిన మనిషిని కాదనడం ఆయనకు చేతకాలేదట. ఆఫీసర్లలో ఇలాంటి చేతకాని వాళ్లు అరుదు.

ఆ తర్వాత ఆరు ఆదివారాలు వెళ్లాను. ఆరే. ఏడోదానికి ఆయన బదిలీ కాగితం వచ్చింది. తువాళ్లు తీయకుండానే వినేవాళ్లం. ఆయన వినేవాడు, నేను ఆయన మొహం చూసి వినేవాణ్ణి. వేణువులో ఊపిరి వచ్చిన చోట ఆయన చూపుడు వేలు కొంచెం లేచేది. దాన్నిబట్టి అక్కడ ఊపిరి ఉందని తెలుసుకున్నాను. వెళ్లే ముందు నల్లజతను నాకు ఇచ్చేశాడు. వద్దంటే వినలేదు. మీరే ఎంచుకున్నారు, మీకే సరిపోతాయి అన్నాడు. మెత్తటి మనుషుల చురక కాల్చదు, కానీ చల్లారదు.

నిజంగానే సరిపోయాయి. మిగతావాళ్ల చెవుల్లో సూదులయ్యేవి నా చెవులకు సరిగ్గా తగిలే గుణం వాటిలో ఉంది. ఇప్పుడు సిద్దిపేట ఇంట్లో నా ముందు గదిలో ఉన్నాయి. తువాళ్లు లేవు.

కాబట్టి స్పీకర్ల గురించి అడిగే పిల్లలకు నేను చెప్పగలిగేది ఇది. మీరు రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చుని వినండి. రెండు జతల్లో ఒకటి కొంచెం పెద్దగా మోగుతుంటే అదే బాగున్నట్టు అనిపిస్తుంది, అది మోసం. రెండింటినీ ఒకే మోతకు తెచ్చి అప్పుడు పోల్చండి. పది నిమిషాల్లో ఆహా అనిపించేదాన్ని పక్కన పెట్టి, రెండు గంటలయినా తలనొప్పి రానిదాన్ని చూడండి. మీకు తేడా తెలియకపోతే తెలియడం లేదని చెప్పండి. తెలిసినవాణ్ణి పిలిచారా, ముందు అతని చెవులు ఎలా ఉన్నాయో అతని డ్రైవరును అడగండి. ఇంకొకటి. మీ చెవికి ఏది నచ్చిందో అది మీకు ముందే తెలుసు. సారుకు తెలుసు. నా మొహం చూసి తన చెవిని పెడచెవిన పెట్టాడు, అంతే.

రిటైరయ్యాక మా అమ్మాయి బలవంతం మీద దవాఖానలో పరీక్ష చేయించుకున్నాను. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నొక్కడానికి నాకు చాలా తక్కువ పని దొరికింది. కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి వచ్చేసరికి మెట్లు దిగి బావిలోకి పోయినట్టు పోయింది. పరీక్ష చేసిన పిల్ల నాకు చెవి వెనక పెట్టుకునే మిషన్ ఒకటి అమర్చింది. బయటికి రాగానే నా చెప్పుల చప్పుడు నాకే వినబడి, వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూశాను.

ఇంటికి వచ్చాక గోడ గడియారం, కుళాయి, కిటికీ కొక్కెం, అన్నీ మాట్లాడడం మొదలుపెట్టాయి. మనిషి మాట ఒక్కటే లేదు. అమ్మాయి కరీంనగర్‌లో ఉంటుంది, ఆదివారం ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులూ ఫోన్ చేసేది డ్రైవరు ఒక్కడే. అతనూ పోయినేడు రిటైరయ్యి సిర్గాపూర్‌లో కంది వేసుకుని ఉన్నాడు. పొద్దున ఏడింటికి, నేను చాయ్ పెట్టుకునే వేళకు, క్రమం తప్పకుండా చేస్తాడు. ఆఫీసులో ఎవరు పోయారు, చేలో ఏ పురుగు వచ్చింది, వాళ్ల చర్చికి కొత్త పాస్టరు ఎలా ఉన్నాడు. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు అయిపోయాక మళ్లీ మరుసటి పొద్దుటిదాకా నాతో మాట్లాడేవాడు లేడు.

పదకొండేళ్లు నా వెనకాల నా బటన్లు తిప్పి, రెండు భాషల్లో నా చెవుల సంగతి చాటినవాడు. అతణ్ణి నేనింకా ఏమీ అనలేదు. మిషన్ పెట్టుకున్న సంగతి కూడా చెప్పలేదు.

మొన్న పొద్దున ఫోన్ తీశాను. "అన్నా, కంది పూతకొచ్చింది," అన్నాడు. మొదటిసారే అందింది. ఆ మాట వెనక అతని ఇంటి కోడి అరుపు కూడా అందింది.

"ఆఁ?" అన్నాను.

"కంది, కంది. పూతకొచ్చింది," అని గొంతు పెంచాడు.

"ఏం వచ్చింది?"

గొంతు సవరించుకున్నాడు. విసుక్కోలేదు. కంది ఎప్పుడు వేసిందీ, వానలు ఎన్ని పడిందీ, ఎకరం పొడుగునా పసుపు ఎట్లా పరుచుకుందీ చెప్పుకుంటూ వచ్చాడు. నేను పొయ్యి కట్టేసి, చాయ్ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. పావుగంట దాటింది. చివరికి, "తిన్నవా?" అని అడిగాడు. ఎప్పుడూ ఫోన్ పెట్టేసే ముందు అడిగే మాట అది.

"ఏందీ, సరిగ్గ ఇనబడలే," అన్నాను.

అతను పాపం మళ్లీ కంది దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.